గవరమ్మ ఎంచిన ట్రాక్టరు

అనగనగా ఒక రాజ్యం. ఏ కాలం నాటిదో నాకు సరిగ్గా తెలీదు. ఆ రాజ్యంలో ఏనుగులు ఉండేవి, ట్రాక్టర్లూ ఉండేవి, రెండూ మనుషుల్లాగే మాట్లాడేవి. అదెలా అని అడక్కండి పిల్లలూ, అక్కడ అంతే.

ఆ రాజ్యం పక్కన సోనేరు పారేది. ఏటి ఒడ్డున పెద్ద మట్టిగట్టు. గట్టు కింద ఏడు పల్లెలు. మొదటి పల్లెలో మొదటి ఇల్లు గవరమ్మది. గవరమ్మ తట్టతో మట్టి మోసి బతికే మనిషి. పదిమందిలో గొంతు పెగలదు. కానీ ముప్పై ఏళ్ళుగా ఆ చుట్టుపక్కల చెరువు తవ్వినా, బాట పోసినా, అక్కడ గవరమ్మ తట్ట ఉండేది.

ఒక ఏడు వేసవిలో గట్టు నడుమ కూలిపోయింది. ఇరవై బళ్ళు వరసగా నిలబెట్టేంత గండి పడింది. అప్పటికి ఏట్లో నీళ్ళు మడమ తడిసేంతే ఉన్నాయి. కానీ మృగశిర కార్తె దగ్గరపడింది. ఆరుద్ర కార్తెకి కొండల్లో వానలు పడి ఏరు పొంగుతుంది. దానికి ఇక ఉన్నవి పదహారు రోజులే.

మల్లభూపతి మహారాజు స్వయంగా వచ్చి గండి చూశాడు. తన ఏనుగుల్ని అడిగాడు.

"దుంగలైతే ఎత్తుతాం ప్రభూ. మట్టి మా తొండాన నిలవదు" అంది పెద్ద ఏనుగు.

మట్టిపని వాళ్ళని అడిగాడు. "ఏడు పల్లెలూ తట్ట పట్టినా రెండు నెలలు పడుతుంది మారాజా" అన్నారు వాళ్ళు.

రాజు ఇక చేసేది లేక దూరదేశాలు తిరిగే శంభయ్య అనే వర్తకుడికి కబురు పంపాడు. మర్నాటికి శంభయ్య మూడు ట్రాక్టర్లను వెంటబెట్టుకొచ్చాడు.

అవి పొలం దున్నే మామూలు ట్రాక్టర్లు కావు. ముందు రెండు ఇనప చేతులు. ఆ చేతుల చివర వెడల్పాటి బకెట్టు. వంగి మట్టి తోడుకుంటుంది, లేచి ఎత్తుతుంది, తిరగేసి పోస్తుంది. దాన్ని లోడరు అంటారని శంభయ్య చెప్పాడు. జనం దగ్గరికి పోవడానికే జంకారు. గవరమ్మ ఆ చేతులకేసి చూస్తూ నిలబడిపోయింది. తను ఇన్నేళ్ళూ మోసిన మట్టి అంతా ఒక్కసారి తలపుకొచ్చి, తెలీకుండానే మెడ తడుముకుంది.

"రెండింటిని పక్క రాజ్యాలకి ఇస్తానని మాటిచ్చాను ప్రభూ. మీకు నచ్చింది ఒకటి ముందుగా ఎంచుకోండి" అన్నాడు శంభయ్య. "ఇది మేరువు. దీనంత పెద్దది భూమ్మీద లేదు. ఇది మెరుపు. కళ్ళు మూసి తెరిచేలోగా తిరిగొస్తుంది."

"మరి ఆ మూడోది?" అన్నాడు రాజు.

శంభయ్య దానివైపు చూడనన్నా చూడలేదు. "అదా, మధ్యది. మరీ పెద్దదీ కాదు, మరీ చిన్నదీ కాదు. తోడుగా వచ్చింది."

"ఎత్తండి చూద్దాం" అన్నాడు రాజు.

మేరువు ఒక్క ఉరుము ఉరిమి, బకెట్టు నిండా రాళ్ళు తోడుకుని, రాజుగారి ఏనుగు అంబారీ కంటే ఎత్తుకి లేపింది. బకెట్టు నీడ జనం మీద పడింది. అందరూ వెనక్కి తగ్గారు. పెద్ద ఏనుగు కూడా రెండడుగులు వెనక్కి వేసింది.

రాజు పూలదండ అందుకున్నాడు. అప్పుడు జనంలోంచి సన్నగా ఒక గొంతు వినబడింది.

"ఇంకొంచెం చూస్తే బాగుంటాది మారాజా."

అందరూ తిరిగి చూశారు. గవరమ్మ తల వంచుకుంది.

"ఎవరమ్మా నువ్వు?" అన్నాడు రాజు.

"మట్టి మోసేదాన్నయ్యా. గండి కిందే నా ఇల్లు."

శంభయ్య నవ్వాడు. "నెత్తిన తట్ట పెట్టుకునే దానికి ఇనుము సంగతి ఏం తెలుసు ప్రభూ?"

"ఇనుము సంగతి తెల్దు బాబూ" అంది గవరమ్మ. "బరువు సంగతి తెలుసు. మా జట్టులోకి కొత్తమనిషి వస్తే మూడు రకాలుగా చూసి గానీ కలుపుకోం. అదే వీటికీ పెడదామని."

రాజు దండ పక్కన పెట్టాడు. "పెట్టమ్మా" అన్నాడు.

గవరమ్మ మూడింటినీ మట్టి నింపుకుని, బకెట్టు నడుమెత్తున పట్టి, ఇంజను ఆపేసి నిలబడమంది. ఒక్కో బకెట్టు కింద జానెడు ఎడం ఉండేలా ఒక్కో వెదురుపుల్ల నేలలో గుచ్చింది. తర్వాత తోటి ఆడవాళ్ళతో కలిసి అంబలి తాగడానికి కూర్చుంది.

"ఇదేం పరీక్షమ్మా, ఊరికే నిలబడ్డమేగా" అన్నాడు శంభయ్య.

"నువ్వు ఓ తట్ట ఎత్తుకుని ఊరికే నిలబడి చూడు బాబూ, మేం తాగొస్తాం" అంది ఆమె పక్కనున్న సన్నెమ్మ. ఆడవాళ్ళంతా కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు.

అంబలి తాగి వచ్చి చూస్తే మేరువు బకెట్టు ఉన్నచోటే ఉంది. మధ్యది కూడా ఉన్నచోటే ఉంది. మెరుపు బకెట్టు మాత్రం కొంచెం కొంచెంగా జారి, పుల్లని విరిచి, నేల మీద ఆనింది.

"నేనే దింపాను. కాసేపు కూర్చుందామని" అంది మెరుపు.

రెండో పరీక్షకి గవరమ్మ వాటిని బరువుతో వాలు దిగమంది. మెరుపు కాసేపు నసిగి, వెళ్ళి చెట్టు నీడన నిలబడింది. మేరువు అందరికీ కనబడాలని బకెట్టు పైకెత్తుకుని దిగింది. సగం వాలులో దాని వెనక చక్రాలు మూరెడు పైకి లేచాయి. అంత పెద్ద ఒళ్ళు గాల్లో ఊగింది. జనం కకావికలయ్యారు. మేరువు బరువంతా పారబోసి, ఎలాగో నిలదొక్కుకుంది.

"రాయి తగిలింది" అంది గంభీరంగా. అక్కడ రాయి లేదు.

మధ్యది కదలకుండా, "నా వెనక బరువు కట్టండి" అంది.

శంభయ్య తల కొట్టుకున్నాడు. "ముందు ఉన్న బరువు చాలక వెనకో బరువా?"

"కట్టండయ్యా" అంది గవరమ్మ. "నిండు నెలల మనిషి నడుం వెనక్కి పెట్టి నడవదా?"

వెనక నాలుగు బండరాళ్ళు కట్టారు. మధ్యది బకెట్టుని మోకాలెత్తుకి దించుకుని, నాలుగు చక్రాలూ నేలకి అంటిపెట్టుకుని, నీళ్ళకుండ ఎత్తుకున్న మనిషిలాగ మెల్లగా వాలు దిగింది. చిటికెడు మట్టి జారలేదు.

అయినా రాజు మనసు మేరువు మీదే ఉంది. అంత ఎత్తు ఎత్తడం ఆయన కళ్ళముందు నుంచి పోలేదు.

"మూడోది ఏమిటమ్మా?"

"పొయ్యమనండి" అంది గవరమ్మ. "నేను ఆపమనేదాకా మట్టి పోస్తానే ఉండమనండి."

పదిమంది పారలు పట్టి మేరువు బకెట్టులో పోశారు. నిండింది. కుప్ప అయింది. "పొయ్యండి, ఇంకా పొయ్యండి" అంది మేరువు. కుప్ప మీద కుప్ప పోశారు. మేరువు గర్జించి లేపింది. లేపిందే గానీ, దాని చెయ్యి కీలు దగ్గర ఎండుకొమ్మ విరిగిన చప్పుడు అయింది.

తర్వాత మధ్యదానికి పోశారు. బకెట్టు అంచు దాకా రాకముందే అది, "చాలు" అంది.

"ఇంకొంచెం పడుతుంది కదా" అన్నాడు రాజు.

"పడుతుంది ప్రభూ. ఎత్తగలను కూడా, ఇవాల్టికి. కానీ రోజుకి మూడొందల సార్లు ఎత్తాలి, పద్నాలుగు రోజులు ఎత్తాలి. ఇంతకు మించితే నావల్ల కాదు."

"నోరు ముయ్యి" అని శంభయ్య పళ్ళు నూరాడు. "అమ్ముకునేవాడి పక్కన నిలబడి నావల్ల కాదంటావా?"

రాజు ముఖం చిన్నబోయింది. ఏడు పల్లెల ప్రాణాలు మోయాల్సింది తన నోటితోనే చేతకాదంటోంది. ఆయన గవరమ్మ వైపు తిరిగాడు. ఆమె కళ్ళలో మాత్రం వెలుగు ఉంది.

"ఇదే మా మూడో పరీక్ష మారాజా. కొత్తమనిషి ఎక్కడ చాలంటాదో చూస్తాం. చాలనలేని మనిషి మూడోనాడు మెడ పట్టేసి పడిపోద్ది. దాంతో వరస మొత్తం ఆగిపోద్ది. అందుకని అలాంటోళ్ళని కలుపుకోం."

"నువ్వు పొరబడితే?" అన్నాడు రాజు మెల్లగా.

"మొదట మునిగేది నేనే కదయ్యా."

రాజు దండ తీసుకెళ్ళి మధ్యదాని మెడలో వేశాడు.

ఆ మర్నాడు తెల్లారి మొదలుపెట్టింది మధ్యది. ముందుకు పోయి తోడుకోవడం, వెనక్కి వచ్చి తిరగడం, గండిలో పొయ్యడం. మళ్ళీ ముందుకి, మళ్ళీ వెనక్కి. తొందర లేదు, ఆగడం లేదు. పల్లెల వాళ్ళు పోసిన మట్టిని తడిపి దిమ్మిసలతో కొట్టేవారు. నాలుగో రోజుకి గండి నడుము లోతు పూడింది. తొమ్మిదో రోజుకి భుజాల దాకా వచ్చింది. పిల్లలు రోజూ పొద్దున్నే వచ్చి, నిన్నలేని మట్టి ఇవాళ అంతెత్తున కనబడితే, చేతులు కట్టుకుని నిలబడిపోయేవారు. కొండ తనంతట తాను నడిచి వస్తున్నట్టు ఉండేది.

పద్నాలుగో రోజు సాయంత్రానికి గట్టు గట్టుతో కలిసింది.

ఆరుద్ర కార్తె పుట్టిన రోజు మధ్యాహ్నం సోనేరు వచ్చింది. ముందు చప్పుడు వచ్చింది. తర్వాత నీళ్ళు. వేళ్ళతో సహా చెట్లు కొట్టుకొచ్చాయి. ఎర్రటి నీళ్ళు కొత్త మట్టిని తాకాయి. మెట్టు మెట్టుగా ఎక్కినట్టు పైకి లేచాయి. గట్టు అంచుకి ఇంక మూరెడు ఉంది. జానెడు ఉంది.

ఏడు పల్లెల వాళ్ళూ గట్టు మీద నిలబడి ఉన్నారు. రాజు చెప్పులు విడిచి, తడి మట్టి మీద చేత్తో తాకి కళ్ళకద్దుకున్నాడు. గవరమ్మ ఏటిని చూడలేదు. వెనక్కి తిరిగి కిందకి చూసింది. వాకిట్లో ఆరేసిన చీర ఆరుతూ ఉంది. కోళ్ళు పొడి నేల మీద గింజలు ఏరుకుంటున్నాయి.

నీళ్ళు ఆ జానెడూ ఎక్కలేదు. చాలాసేపు అక్కడే నిలిచి, తర్వాత పక్కకి ఒరిగి, సముద్రం దారి పట్టాయి.

కాబట్టి పిల్లలూ, పెద్ద బరువు ఎవరికి అప్పగించాలన్నా, ఎంత ఎత్తుతారో ఒక్కటే చూడకండి. తన బలం ఎందాకో తెలుసుకుని, ఆ మాట సిగ్గుపడకుండా చెప్పేవారినే నమ్మండి.