మా పాయింటు సంగతేంది?

1974 నవంబరు 19, మంగళవారం. తెల్లవారుజామున సన్నజల్లు పడి ఆరు గంటలకు తెరిపి ఇచ్చింది గానీ, ముసురు మాత్రం వదల్లేదు. నెల్లూరు వైపు కార్తీకం అలాగే ఉంటుంది. అటువంటి రోజున బాల్ బ్యాడ్మింటన్ ఆడడం తెలివైనవాళ్ల పని కాదు. పసుపుపచ్చ ఉన్ని బంతి తడి పీల్చుకుని, పాలలో నానిన బూరెలా బరువెక్కుతుంది. అయినా ఆడాం. మస్తానయ్య మాస్టారు వచ్చి వల కట్టారంటే ఇంట్లో ముసుగుతన్ని పడుకునే ధైర్యం మాలో ఎవరికీ లేదు.

మాస్టారు కాలేజీలో వ్యాయామ శిక్షకుడుగా చేసి రిటైరయ్యారు. ఆయన మైదానంలో అంపైరు ఉండడు. తప్పు చేసినవాడు తానే చెప్పాలి, శిక్ష కూడా తానే వేసుకోవాలి. నా బి.ఎ. రోజుల్లో తర్కశాస్త్రం చెప్పిన లెక్చరరు వింటే ఒప్పుకునేవాడు కాదు. దొంగా జడ్జీ ఒకడే ఎలా అవుతాడని నిలదీసేవాడు. ఆయన సంగతి అలా ఉంచుదాం, ఆయనకు బ్యాటు పట్టుకోవడం కూడా వచ్చేది కాదు.

ఆ పొద్దున మాస్టారి శిష్యుడు ప్రభుదాసు సైకిలు మీద వచ్చాడు. మా ఊరి కాలేజీలో అప్పుడే కొత్తగా ఆటల మాస్టారుగా చేరాడు. ఉద్యోగం ఇంకా తాత్కాలికమే. కబడ్డీ కప్పు తెస్తే పర్మనెంటు చేయిస్తానని ప్రిన్సిపాలు మాట ఇచ్చాడు. కప్పు వచ్చింది కూడా. వచ్చిన మూడో రోజున తెలిసిందేమంటే, ఫైనల్లో అందరికన్నా బాగా ఆడిన పెంచలయ్య అంతకుముందే టి.సి. తీసుకుని పాలిటెక్నిక్‌లో చేరిపోయాడని. చదువు మార్చాడు గానీ, సాయంత్రం ఆటకు రావడం మానలేదు. ఎవరూ అడగలేదు, వాడూ చెప్పలేదు.

"పై కాలేజీ కుర్రవాణ్ణి ఆడించడం నేరం మాస్టారూ. యూనివర్సిటీకి ఇంకా తెలీదు. వాళ్లు శిక్ష వేసేలోపు మనమే వేసుకుందామని ప్రిన్సిపాలు గారన్నారు. ఈ ఏడు కారమ్స్ పోటీలకు మేం వెళ్లం. అది చాలదా?"

"మీ కాలేజీలో కారమ్స్ ఎవరాడతారు?"

"ఎవరూ ఆడరండీ."

మాస్టారు నవ్వలేదు. "కూర్చో, ఈ ఆట అయిపోనీ," అన్నారు.

ఇంకొక్క పాయింటు ఎవరు తెస్తే వాళ్లదే ఆట. సర్వీసు మా జట్టు ప్లీడరు యానాది రెడ్డిది. ఆయన కొట్టిన బంతి వల మీదుగా ఈదుకుంటూ పోయి రిటైర్డు రైల్వే గార్డు ఖాసిం సాహెబు కాళ్ల దగ్గర చతికిలబడింది. మేం అరిచాం. ఆ అరుపు మధ్యలో ప్లీడరు చెయ్యెత్తాడు.

"ఆగండయ్యా. నా కాలు గీత దాటింది."

జల్లుకు సున్నం కరిగి గీత ఎక్కడుందో మాకెవరికీ కనబడడం లేదు. ఆయన చెప్పకపోతే అడిగేవాడే లేడు.

"శిక్ష?" అన్నారు మాస్టారు.

"ఈ వారమంతా కాఫీలో చక్కెర మానేస్తా."

ఖాసిం సాహెబు పగలబడి నవ్వాడు. "వహ్వా ప్లీడరు గారూ! చక్కెర మీ డాక్టరు ఎప్పుడో మాన్పించాడు గదా! మీ నోటి సంగతి మాకెందుకు సామీ, మా పాయింటు సంగతేంది?"

ప్లీడరు వాదించబోయాడు. చివరికి తానే నవ్వేసి, "తీసుకో సాహెబూ. పాయింటూ నీదే, ఆటా నీదే," అన్నాడు. ఓడినవాళ్లు వల చుట్టి మాస్టారి ఇంటికి మోసుకెళ్లడం మా ఆనవాయితీ. ఆ బురదలో తడిసిన వల మోయడం ఎంత సుఖమో మోసినవాళ్లకు తెలుస్తుంది. ప్లీడరు ముందు నడుస్తూ దారి పొడుగునా ఖాసిం సాహెబును తిడుతూనే ఉన్నాడు, ఖాసిం సాహెబు వెనకనుంచి హుషారు చేస్తూనే ఉన్నాడు.

ప్రభుదాసు మాత్రం మాతో రాలేదు. సైకిలెక్కి, ఫైనల్లో తమ చేతిలో ఓడిన పక్క ఊరి కాలేజీ దారి పట్టాడు.

ఆ తర్వాత కప్పు వాళ్లకు పోయింది. కప్పు గెలిచిన జట్టుకు దక్కే బెంగుళూరు పోటీల ప్రయాణమూ వాళ్లకే పోయింది. మా పిల్లల కోసం అల్లించిన ఆకుపచ్చ స్వెట్టర్లు కూడా వాళ్లకే చేరాయి. ఛాతీ మీద మా కాలేజీ పేరున్నా చలికి అవే వేసుకుని ఆడారట. పెంచలయ్య వాళ్లమ్మ చేత నాలుగు చీవాట్లు తిని, పాలిటెక్నిక్ జట్టుకు కెప్టెనయ్యాడు. పర్మనెంటు ఉద్యోగం ప్రిన్సిపాలు గారి మేనల్లుడికి దక్కింది.

ఇదంతా అయ్యాక ఒకనాడు ప్రభుదాసు మైదానానికి వచ్చి మాస్టారి పక్కన నిలబడ్డాడు.

"అందరికీ ఏదో ఒకటి ముట్టింది మాస్టారూ. నాకే ఏమీ రాలేదు," అన్నాడు. అంటూనే ఎందుకో నవ్వాడు.

మాస్టారు వల ముడి బిగిస్తూ తలెత్తి చూశారు.

"చేతులు ఖాళీగానే ఉన్నాయి గదా. రా, ఈ కొస పట్టుకో."