కార్జంలో ఉన్నవాడి నియమం

గేదెకు పాలున్నాయి. దూడకు లేవు.

గేదె పగలంతా కాలవ పక్క చిత్తడిలో మేసేది. సాయంత్రం పాకలోకి రాగానే యజమాని దూడను విప్పేవాడు. దూడ పొదుగు పట్టి గుటక వేయగానే గేదె చేపేది. పాలు దిగడమే ఆలస్యం, అతను దూడను పలుపు పట్టి లాగి గుంజకు కట్టేసేవాడు. చెంబు నిండాక పొదుగులో మిగిలిన తడి దూడది. దాని పక్కటెముకలు బయటపడ్డాయి. లేచి నిలబడాలంటే కాళ్ళు వణుకుతున్నాయి.

గేదె యజమానిని తప్పు పట్టలేదు. మేత వేసేది అతనే, కడిగేది అతనే. ఒంట్లో సరిపడా పాలు ఊరకపోతే అతను మాత్రం ఏం చేస్తాడు? తప్పంతా తన ఒంటిని పట్టుకుని బతికేవాళ్ళది అనుకుంది. ఒకరోజు చిత్తడిలో నిలబడి అందర్నీ కేకేసింది.

"నా దూడ దక్కేలా లేదు. నన్ను తింటున్నదెవరో ఒప్పుకోండి. ఒప్పుకుని పోండి."

చెవి మడతలోంచి పిడుదు మాట్లాడింది. చర్మంలో దిగిన మూతి పైకి తీయకుండానే మాట్లాడింది.

"నన్నేనా అనేది, వదినా? నేను ఎండకీ వానకీ బయటే పడుంటాను. గుమ్మం దాటి ఎప్పుడైనా లోపలికొచ్చానా? లోపల కాపురం పెట్టినవాళ్ళని వదిలేసి అరుగు మీద కూచున్నదాన్ని నిలదీస్తావేంటి?"

గేదె కాళ్ళ దగ్గర ఒక కొంగ నిలబడి ఉంది. దానికి అన్నిటి పేర్లూ తెలుసు. ఎవరూ అడగకపోయినా చెబుతుంది.

"ఇంకొకరి ఒంటి మీద బతికేదాన్ని పరాన్నజీవి అంటారు," అంది కొంగ. "చర్మం మీదుంటే బాహ్య పరాన్నజీవి. లోపలుంటే అంతర పరాన్నజీవి. నువ్వు ఆతిథేయివి."

"ఆతిథేయినా? నేనెవర్నీ భోజనానికి పిలవలేదే!"

"పిలవక్కర్లేదు. నువ్వు ఉంటే చాలు."

"మరి నువ్వెవరివి?"

"నేను సహభోజిని. నువ్వు అడుగేస్తే గడ్డిలోంచి మిడతలు లేస్తాయి, నేను తింటాను. నాకు లాభం, నీకు నష్టం లేదు. కాబట్టి ఈ గొడవలో నేను లేను." కొంగ మెడ ముడుచుకుని హాయిగా నిలబడింది.

ఇంతలో జోరీగ గిర్రున తిరుగుతూ వచ్చి వీపు మీద వాలింది.

"నేనైతే ఒక్క గుక్క తాగి నా దారిన పోతాను, పెద్దమ్మా. పక్క పాకలో ఎద్దు నెత్తుట్లో ఉన్న జ్వరం నా మూతికి అంటుకుని నీలో దిగిందే అనుకో. అది నా తప్పా? బండి మూటను మోసుకొస్తే, మూటలో ఉన్నదానికి బండిని తంతామా?"

"దాన్ని వాహకం అంటారు," అంది కొంగ.

"తన్నాలంటే ఏమంటారు?" అని గేదె తోక విసిరింది. జోరీగ తప్పించుకుని మళ్ళీ అక్కడే వాలింది.

అప్పుడు గేదె పొట్టలోంచి ఒక నింపాదైన గొంతు వినిపించింది. అది కార్జంలో ఉండే జలగపురుగు. అది అబద్ధమాడలేదు, అదే గేదెకు మరీ కంపరం పుట్టించింది.

"నేను తింటున్నాను అమ్మాయీ. దాచేదేముంది? నా చిన్నతనం ఈ చిత్తడిలో నత్త కడుపులో గడిచింది. తర్వాత గడ్డిపరకకు అంటుకున్నాను. నువ్వు మేశావు. నేను పెద్దయిందీ, గుడ్లు పెడుతున్నదీ నీలోనే. నా గుడ్లు నీ పేడతో నీళ్ళలోకి వెళ్తాయి, నా పిల్లలు మళ్ళీ నత్తను వెతుక్కుంటారు."

"నత్త మాధ్యమిక ఆతిథేయి," అంది కొంగ. "నువ్వు తుది ఆతిథేయివి. నీది పెద్ద హోదా."

గడ్డి దుబ్బు కింద నుంచి నత్త తల బయట పెట్టింది. "పేరు బాగానే ఉంది," అంది. "కానీ నాకు పిల్లల్లేరు. వాళ్ళ పిల్లలు నాలో పెరిగితే నా గుడ్లకు చోటు మిగల్లేదు. దీన్నేమంటారు కొంగగారూ?"

కొంగ అటు తిరిగి ముక్కుతో రెక్క దువ్వుకుంది.

గేదెకు ఒళ్ళు మండిపోయింది. కాలెత్తి బురదలో దబ్బున వేసింది. కొంగ తెల్లదనమంతా పోయింది.

"చాలు మీ పేర్లు! ఒకడు బయటివాడు, ఒకడు లోపలివాడు, ఒకడు మోసేవాడు, ఒకడు ఊరికే నిలబడేవాడు. అందరూ సక్రమంగానే ఉన్నారు, నా దూడ తప్ప! దాని సంగతి చెప్పండి ముందు."

జలగపురుగే అందుకుంది.

"మాకో నియమం ఉంది. ఇల్లు కూలేదాకా తినకూడదు. కూలితే ఇంట్లో ఉన్నవాడూ పోతాడు. అందుకని కొంచెమే తీసుకోవాలి. ఇల్లు గట్టిగా విదిలిస్తే ఆగాలి. విదిలించడం ఆపగానే మళ్ళీ మొదలుపెట్టాలి. నీ దూడ రేపు మా పిల్లలకు ఇల్లు. అది పోతే మాకూ నష్టమే. కొన్నాళ్ళు నోరు కట్టుకుంటాంలే."

"నా బిడ్డ మీద ఎంత ప్రేమో!" అంది గేదె పళ్ళు కొరుకుతూ. కానీ ఒప్పుకుంది. ఒప్పుకోక ఏం చేస్తుంది?

పిడుదు చెవి వదిలి గోడ సందులో దూరింది. జోరీగ పక్క పాకకు మకాం మార్చింది. జలగపురుగు తిండి తగ్గించింది. నిజంగానే గేదె ఒళ్ళు నిగనిగలాడింది, పొదుగు నిండింది.

యజమాని పొదుగు నొక్కి చూసి మురిసిపోయాడు. చెంబు పక్కన పెట్టి తపేలా తెచ్చాడు. తపేలా పొంగితే బిందె తెచ్చాడు. దూడను మాత్రం ఎప్పటిలాగే గుటక వేయగానే లాగేశాడు. బిందె నిండాక మిగిలిన తడి దూడది. ఇప్పుడది లేవడం కూడా మానేసింది. అతనే భుజాలు పట్టి పొదుగు దగ్గర నిలబెట్టి, మళ్ళీ అతనే ఈడుస్తున్నాడు.

మర్నాడు గేదె కొంగను నిలదీసింది. "వీళ్ళు మిగిల్చిందంతా ఏమైపోయింది?"

"బిందెలోకి పోయింది."

"అయితే బిందె పట్టేవాడి పేరేంటి?"

కొంగ ఒక కాలు దించి ఇంకో కాలెత్తింది. "అతను మేత వేస్తాడు కదా," అంది.

"వేస్తాడు. వేసినదానికంటే ఎక్కువ పట్టుకుపోతాడు."

"అయితే తేల్చి చెప్పడం కష్టం," అని కొంగ అవతలి గట్టుకు ఎగిరిపోయింది.

ఆ సాయంత్రం యజమాని దూడను లేపి పొదుగుకు పెట్టాడు. గేదె చేపింది. అతను పలుపు లాగాడు. గేదె ఎగచేపింది. ఊరిన పాలు పొదుగులోనే బిగబట్టింది.

అతను పిండాడు. చుక్క రాలేదు. పొదుగుకు నూనె రాశాడు. తవుడు కలిపి ముందు పెట్టాడు. గేదె తవుడు తిని ఊరుకుంది. కర్ర తీసుకుని డొక్కలో పొడిచాడు. గేదె కదల్లేదు. వేరే దారి లేక మళ్ళీ దూడను వదిలాడు. గేదె చేపింది. లాగాడు, ఆగిపోయింది. వదిలాడు, ధార కట్టింది. అతని చేతులు నొప్పెట్టాయి. చివరికి పలుపు కింద పడేసి గుంజకు చేరగిలబడ్డాడు.

"తేరగా తిని కూచునే గొడ్డా!" అన్నాడు రొప్పుతూ. "నా గడ్డి మీద బతుకుతూ నన్నే ఎండబెడతావా? రేపే సంతకు తోలేస్తాను చూడు!"

సంత మాట వినగానే గేదె కాసిని పాలు వదిలింది. మరీ ఎక్కువ కాదు. అమ్మేయడానికి మనసొప్పనన్ని. అతను గబగబా పిండుకుని, గొణుక్కుంటూ ఇంట్లోకి వెళ్ళాడు. దూడను కట్టడం మర్చిపోయాడు.

కార్జంలోంచి జలగపురుగు మురిపెంగా పిలిచింది.

"ఇవాళ్టితో నువ్వు మాలో కలిశావు, అమ్మాయీ."

గేదెకు ఒళ్ళంతా జలదరించింది. ఛీ అని కసరబోయింది. కానీ దూడ పొదుగును తలతో కుమ్ముతోంది. అది బెదురుతుందేమోనని నోరు మూసుకుని, కదలకుండా నిలబడింది.