అసిరమ్మ చుట్ట మానిన వైనం

గుల్లలపేటలో తెలివైనవాళ్ళ ఇల్లు ఒక్కటే ఉంది. ఆ సంగతి చెప్పింది ఆ ఇంటివాళ్ళే కాబట్టి నమ్మకపోవడానికి వీల్లేదు.

ఆ ఇంటికి పెద్ద అసిరమ్మ. ఆవిడ పెద్దకొడుకు తవుడు, చిన్నకొడుకు నీలయ్య, తవుడి పెళ్ళాం పోలమ్మ. ఎవరు ఏ మాట చెప్పినా అక్షరం కింద పడకుండా పట్టుకోవడం వాళ్ళ వంశంలోనే ఉంది. ఓసారి ఊళ్ళో పెద్దాయన ఒకాయన "తవుడూ, ఈ ఎద్దుని ఓ కంట కనిపెట్టి ఉండరా" అన్నాడు. తవుడు రెండో కన్ను గట్టిగా మూసుకుని కూర్చున్నాడు. ఎద్దు మూసిన కంటివైపు నుంచి దర్జాగా నడిచి వెళ్ళిపోయింది. "రెండు కళ్ళూ తెరిస్తే మాట తప్పినట్టు కాదేటి?" అన్నాడు తవుడు. ఇంట్లోవాళ్ళందరూ మెచ్చుకున్నారు. ఎద్దుగలాయన మెచ్చుకోలేదు. అందరికీ తెలివి ఉండాలంటే ఎలా?

అసిరమ్మకి అడ్డచుట్ట అలవాటు. అంటే చుట్ట ముట్టించి, నిప్పున్న కొసని నోటి లోపల పెట్టుకుని పీల్చడం. ఆ సముద్రపు ఒడ్డు ఊళ్ళలో ఆడవాళ్ళకి ఎప్పటినుంచో ఉన్నదే. "గాలికి ఆరిపోదు, చీర కాలదు" అని ఆవిడ గొప్పగా చెప్పేది. మరి నోరు కాలదా అని అడిగితే, "నోరు లోపలుంది. ఎవరు చూడొచ్చారు?" అనేది.

ఒకరోజు ఎండుచేపల పులుసు ముద్ద నోట్లో పెట్టుకోగానే అసిరమ్మ కెవ్వుమంది. నోరంతా భగ్గున మండింది. మర్నాడు పోలమ్మ కారం తగ్గించింది. మండింది. కారం మానేసింది. మండింది. తరవాత చింతపండు మానేసింది, ఉప్పు మానేసింది, చేపలు మానేసింది. ఆఖరికి గిన్నెలో వేణ్ణీళ్ళు మిగిలాయి. అవీ మండాయి.

"మరింక ఇందులో మానడానికి ఏటీ మిగల్లేదత్తా" అని పోలమ్మ చేతులెత్తేసింది.

చుట్ట ఒకటి మిగిలిందని ఎవరికీ తోచలేదు. తోచడానికి అది పులుసులో లేదుగా.

అందరూ కలిసి ఆవిణ్ణి ఆస్పత్రికి తీసుకెళ్ళారు. డాక్టరమ్మ నోట్లోకి దీపం వేసి చూసి, మొహం చిట్లించింది.

"అంగిట్లో తెల్లమచ్చ పడింది. చుట్ట వల్లే. ఇప్పుడు మానితే తగ్గుతుంది. మానకపోతే ముదిరిపోతుంది. ఆ తరవాత నా చేతుల్లో ఏమీ ఉండదు."

తవుడు వంగి డాక్టరమ్మ చేతుల్లోకి చూశాడు. ఇప్పుడూ ఏమీ లేదు.

అసిరమ్మ మొహం పాలిపోయింది. "చచ్చిపోతానేటి తల్లీ?"

"మానితే ఎందుకు పోతారు? ఇవాళ్టినుంచి చుట్ట ముట్టకండి. అంతే."

అంతే అంది కదా, అంతే చేశారు. అసిరమ్మ ఇంటికొచ్చి చేతులు వెనక్కి కట్టుకుని కూర్చుంది. మధ్యాహ్నానికి కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. సాయంత్రానికి గోడకేసి తల కొట్టుకుంది. చూసి చూసి పోలమ్మకి జాలేసింది. జాలితోపాటు తెలివి కూడా పుట్టింది.

"అత్తా, డాక్టరమ్మ ఏటంది? నిన్ను ముట్టద్దంది. నన్ను అన్లేదు కదా!" అని చుట్ట తనే ముట్టించి, అత్త నోట్లో తన చేత్తోనే పెట్టింది.

నీలయ్యకి అనుమానం వచ్చింది. "వదినా, అమ్మ పెదాలు ముట్టుకుంటున్నాయి మరి?"

తవుడు కాసేపు ఆకాశంలోకి చూసి తీర్పు చెప్పాడు. "చేత్తో ముట్టుకుంటే ముట్టడం అంటారు. పెదాలతో ముట్టుకుంటే ముద్దు అంటారు. డాక్టరమ్మ ముద్దు మాట ఎత్తనే లేదు."

ఇంకేముంది! ఇదివరకు అసిరమ్మ పనిలో పడి అప్పుడప్పుడు చుట్ట మరిచిపోయేది. ఇప్పుడు కోడలు మరవనివ్వదు. వేళకి మందు పట్టినట్టు పట్టింది.

మళ్ళీ ఆస్పత్రికి వెళ్ళినప్పుడు మచ్చ ఇంకాస్త పెరిగింది. జరిగింది విని డాక్టరమ్మ తల పట్టుకుంది. "ముట్టడం, ముద్దు పెట్టుకోవడం ఏవీ వద్దు. చుట్టలకి పూర్తిగా నీళ్ళొదిలెయ్యండి!"

"అలా విడమరిచి చెప్పాల మరి" అన్నాడు తవుడు.

ఇంటికొచ్చి తలస్నానం చేశాడు. తడిబట్టతో పెరట్లో కూర్చుని, చుట్టల కట్టని విస్తరాకులో పడుకోబెట్టి, దోసిలితో నీళ్ళు వదిలాడు. నీళ్ళొదిలేచోట ఏడుపు లేకపోతే బాగోదని పోలమ్మ జుట్టు విరబోసుకుని శోకం అందుకుంది. "మమ్మల్నొదిలి ఎలిపోనావా, పొగాకు తల్లీ!" ఆ గొంతుకి వీధి వీధంతా పరిగెత్తుకొచ్చింది.

"ఎవరు పోయార్రా?" అని ఓ ముసలమ్మ గుండెలు బాదుకుంటూ అడిగింది.

"చుట్ట" అన్నాడు నీలయ్య.

"అయ్యో! దగ్గర చుట్టమా?"

"మరీ దగ్గర. అమ్మ నోట్లోనే ఉండేది."

ముసలమ్మకి సగమే వినపడింది. ఆ సగానికే బావురుమంది. పరామర్శకి వచ్చినవాళ్ళకి చుట్టలివ్వడం ఆ ఊరి మర్యాద. ఉన్న చుట్టలు విస్తట్లో తడిసి ముద్దయ్యాయి. మర్యాద తప్పకూడదని నీలయ్య ఉరికి, చుట్టలమ్మే గవరయ్య దగ్గర పెద్ద కట్ట తెచ్చాడు. వచ్చినవాళ్ళు కాల్చారు. అసిరమ్మ అసలే దుఃఖంలో ఉన్న మనిషి. అందరికంటే ఎక్కువ కాల్చింది.

మూడోసారి వెళ్ళేసరికి ఆవిడ గంజి కూడా మింగలేకపోతోంది. డాక్టరమ్మ ఈసారి అరవలేదు. నెమ్మదిగా చెప్పింది.

"చూడండమ్మా, నేను చెప్పినంతమాత్రాన ఎవరూ మానరు. మానడానికి గట్టి కారణం ఒకటి మీరే వెతుక్కోవాలి. దొరికాక దాన్ని గట్టిగా పట్టుకోండి. మనసెంత లాగినా వదలకండి."

వెతకడమంటే ఆ ఇంట్లోవాళ్ళకి చెప్పాలా? అటక మీదివన్నీ దించారు, గాదె ఖాళీ చేశారు, పెరడు తవ్వారు. నీలయ్య నూతిలోకి దిగాడు. తవుడు పైనుంచి హెచ్చరించాడు. "ఒరే, డాక్టరమ్మ గట్టి కారణం అంది. మెత్తటిది తగిల్తే తీసుకోకు!" నీలయ్య ఒక రాయి పట్టుకుని పైకొచ్చాడు. గట్టిగానే ఉంది. తీరా కడిగి చూస్తే అది వాళ్ళింట్లో ఎప్పుడో పోయిన రుబ్బురోలు పొత్రం.

ఇంట్లో లేదంటే ఊళ్ళో ఉంటుందని బయల్దేరారు. వీధి మొదట్లోనే గవరయ్య చుట్టల బుట్ట ముందు పెట్టుకుని కూర్చున్నాడు. అసిరమ్మకి వరసకి తమ్ముడు. ఆవిణ్ణి అప్పా అని పిలుస్తాడు.

"గవరయ్య మావా, మా అమ్మ చుట్టలకి కారణం ఎక్కడైనా కనపడిందేటి?"

గవరయ్య మీసం దువ్వాడు. "మీ అమ్మ చుట్టలకి కారణం నేను కాక ఇంకెవడ్రా? నా చుట్ట రుచి మరిగాక ఇంకో చుట్ట నోట పెట్టిందా?"

అన్నదమ్ములు మొహాలు చూసుకున్నారు. "మావా, నువ్వు గట్టోడివేనా?"

"నాకంటే గట్టోడు ఈ పేటలో పుట్టలేదు!"

అంతే. ఒకడు నడుం పట్టాడు, ఒకడు కాళ్ళు పట్టాడు, బుట్టతో సహా ఎత్తుకుని ఇంటికి తెచ్చేశారు. చుట్టలు మానడానికి కారణం, కాల్చడానికి కారణం, ఈ రెంటికీ చిన్న తేడా ఒకటుంది. అలాంటి చిల్లర తేడాలు చూసుకోవడం తెలివైనవాళ్ళకి తగదు.

"వదలండ్రా!" అని గవరయ్య గింజుకున్నాడు.

"వదలకూడదు మావా. డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది."

తవుడు అలిసిపోతే నీలయ్య పట్టుకునేవాడు. నీలయ్య భోజనానికి లేస్తే పోలమ్మ పంచె కొంగు పట్టుకునేది. గవరయ్య పెళ్ళాం వచ్చి చూసి, "మా ఇంట్లో కంటే ఇక్కడే వేళకి తింటన్నాడు, ఉండనీండి" అని వెళ్ళిపోయింది. నడుం పట్టుబడ్డా చేతులు ఖాళీ కదా, గవరయ్య ఊరికే ఉండలేక చుట్టలు చుడుతూ కూర్చున్నాడు. చుట్టిన చుట్ట చుట్టినట్టు అసిరమ్మకి అందుతోంది. డాక్టరమ్మ వైద్యం ఇంత హాయిగా ఉంటుందని ఆవిడ అనుకోలేదు.

ఒక పూట పోలమ్మ అత్తకి గంజి పట్టింది. అసిరమ్మ గుక్క నోట్లో పోసుకుంది. మింగలేకపోయింది. ఉమ్మలేకపోయింది. కళ్ళు పెద్దవి చేసుకుని అలాగే ఎదురుగా ఉన్న గవరయ్యని చూస్తూ ఉండిపోయింది.

గవరయ్య చేతిలో పొగాకు జారిపోయింది.

"అప్పా, మా అమ్మ కూడా అచ్చం ఇలాగే చూసేది" అన్నాడు. "గంజి నోట్లో ఉంచుకుని నా వైపే చూసేది. ఆఖర్న నన్ను పిలవడానికి కూడా నోరు తిరగలేదు. గవ... గవ... అనేది. అదీ నేను చుట్టిన చుట్టలే కాల్చేది."

అసిరమ్మ ఎలాగో ఆ గుక్క దింపుకుంది.

"మరి అన్నీ తెలిసి నాకెందుకు అమ్మావురా?"

"నువ్వు కొన్నావు కదప్పా" అన్నాడు గవరయ్య. అని, తల దించుకున్నాడు.

అసిరమ్మ కొడుకులకేసి చూసింది. తవుడు గవరయ్య నడుం పట్టుకుని కునుకు తీస్తున్నాడు. నీలయ్య నోరు తెరుచుకుని తన నోటికేసే చూస్తున్నాడు. వాడు ఎవరైనా తిను అంటేనే తింటాడు, చాలు అంటేనే ఆపుతాడు. చాలు అనే మనిషి లేకపోతే వాడి గతేమిటి? గంజి అయ్యాక కాలుద్దామని పక్కన పెట్టుకున్న చుట్టని ఆవిడ పేడకుప్ప మీదకి విసిరికొట్టింది.

"గవరయ్యని వదిలీండ్రా. నాకు వేరే కారణం దొరికింది."

"ఎక్కడమ్మా?" అని తవుడు ఉలిక్కిపడి లేచి మంచం కింద వెతికాడు.

అసిరమ్మ నిజంగానే మానేసింది. మానడమంటే మాటలు కాదు. నోరు పీకేది, చేతులు వణికేవి, కారణం లేకుండా కోడలి మీద గరిటె విసిరేది. చుట్ట గుర్తొచ్చినప్పుడల్లా నాలుగు సోంపు గింజలు నమిలి, నీలయ్య మొహం చూసి, ఆ పూట గట్టెక్కేది. గవరయ్య కూడా బుట్ట కట్టిపెట్టి కొబ్బరికాయలు అమ్ముకోవడం మొదలుపెట్టాడు. మళ్ళీ తనని ఎత్తుకుపోతారన్న భయం కూడా కొంత ఉంది లెండి. కొన్నాళ్ళకి మంట తగ్గింది. ఎండుచేపల పులుసు కలుపుకుని తిన్ననాడు అసిరమ్మ ఏడ్చింది. మండి కాదు.

డాక్టరమ్మ నోరు చూసి ఎంతో సంతోషించింది. అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. కానీ చదువుకున్నవాళ్ళు ఊరుకోరు.

"మానడం కంటే మళ్ళీ మొదలెట్టకుండా ఉండడం కష్టమమ్మా. పొగ చూస్తే మనసు లాగుతుంది. మీ చుట్టుపక్కల ఎక్కడ పొగ కనపడ్డా వెంటనే ఆర్పించెయ్యండి" అంది.

ఇంకేముంది! ఇంటికి రాగానే పోలమ్మ పొయ్యిలో బిందెడు నీళ్ళు గుమ్మరించింది. ఆ పూట అందరూ నానబోసిన అటుకులు తిన్నారు. మర్నాడు పక్కింటి పొయ్యి ఆర్పారు, ఉడుకుతున్న అన్నంతో సహా. ఇడ్లీల కొట్టు పొయ్యి ఆర్పి, కొట్టాయన చేత కర్రతో సన్మానం చేయించుకున్నారు. ఎవరింట్లోనో పూజారి సాంబ్రాణి వేస్తుంటే, నీలయ్య వెనకనుంచి వచ్చి చెంబుడు నీళ్ళు పోశాడు. పొగ ఆరింది, పూజారి తడిశాడు. ఊరంతా తిట్టింది. "మంచి చేస్తే తిడతారు. లోకం తీరే అంత" అని తెలివైనవాళ్ళు ఓర్చుకున్నారు.

అంతలో చలికాలం వచ్చింది. ఒకరోజు తెల్లారగట్ల అసిరమ్మ వాకిట్లోకి వచ్చి ఆవలించింది. నోట్లోంచి తెల్లగా బుస్సుమని వచ్చింది.

"అమ్మ దొంగతనంగా కాల్చీసింది!" అని తవుడు అరిచాడు. అరిచిన నోట్లోంచి కూడా బుస్సుమంది. "ఓలమ్మా, నువ్వూనా!" అంది పోలమ్మ. ఆవిడకీ వచ్చింది. నలుగురూ నోళ్ళు మూసుకుని, ఒకళ్ళనొకళ్ళు అనుమానంగా చూసుకున్నారు. ముందు మొహాలు కడుక్కుంటే ఏదో ఒకటి తేలుతుందని బిందెలు పట్టుకుని చెరువుకి బయల్దేరారు.

గట్టెక్కి చూస్తే ఏముంది! చెరువు చెరువంతా పొగ. ఈ ఒడ్డునుంచి ఆ ఒడ్డుదాకా తెల్లగా, దట్టంగా లేస్తోంది.

"వామ్మో! మనం మానీసేసరికి ఇది అందుకుందే!" అన్నాడు నీలయ్య.

పొలానికి పోతున్న రైతు ఒకడు, "అది పొగమంచు రా!" అన్నాడు.

"విన్నారా, పొగ అని వాడే ఒప్పుకున్నాడు!" అన్నాడు తవుడు. "పట్టండి బిందెలు!"

అంతే. నలుగురూ చీరలూ పంచెలూ ఎగ్గట్టి మోకాల్లోతు దిగారు. చెరువులో నీళ్ళు ముంచడం, చెరువు మీద పొయ్యడం. ముంచడం, పొయ్యడం. రైతు కాసేపు నిలబడి చూసి, తన పొలం గుర్తొచ్చి వెళ్ళిపోయాడు. వీళ్ళు మాత్రం ఆపలేదు. తూర్పున సూర్యుడు పైకొచ్చాడు, ఎండ చురుక్కుమంది, మంచు మెల్లగా విడిపోయింది.

"ఆర్పీసాం!" అని అన్నదమ్ములు బిందెలు పైకెత్తి గంతులేశారు.

అసిరమ్మ మాత్రం గంతులెయ్యలేదు. మానడం ఎంత కష్టమో పడినవాళ్ళకే కదా తెలిసేది. తడిచీరతోనే గట్టు మీద చతికిలబడి, కొంగులో మూటగట్టుకున్న సోంపు గింజలు విప్పి, తను నాలుగు నోట్లో వేసుకుని, మిగిలినవన్నీ చెరువులో చల్లింది.

"నమలమ్మా, నమలు" అంది లాలనగా. "పొద్దున్నపూటే ఎక్కువ లాగుతాది. ఓర్చుకో తల్లీ. రేపు నేనొచ్చి నీ దగ్గర కూర్చుంటాను."