ఉలకని తెల్లగొడుగు

మిట్టమధ్యాహ్నం. సన్నటి ముసురు.

ఏడు ఆకాశాల అవతల ఒక చుక్క ఉంది పిల్లలూ. ఆ లోకంలో చెట్టు లేదు, గడ్డిపరక లేదు. అన్నీ పుట్టగొడుగులే. గొడుగే ఇల్లు, గొడుగే పడవ, గొడుగే కూర. నేల కింద వాటి దారాలన్నీ ఒకదాన్నొకటి పట్టుకొని ఉంటాయి. అందుకే కోసేముందు నేల తట్టి, "లేస్తావా తల్లీ?" అని అడగాలి. అడిగితే చుట్టూ ఉన్నవన్నీ జలదరిస్తాయి. అడక్కుండా అక్కడెవరూ కోయరు.

ఆ లోకాన్నేలే రాణి ధవళాంబ. ఆమెకు ముగ్గురు కొడుకులు. గొడుగులు ఏరుకునే పిల్ల మౌక్తికను బూడిదమాయుడనే మాంత్రికుడు ఎత్తుకుపోయాడు. పిల్లను తెస్తానని పెద్దవాడు వెళ్ళాడు, రాలేదు. అన్నను తెస్తానని నడిమివాడు వెళ్ళాడు, రాలేదు. అన్నలిద్దర్నీ తెస్తానని చిన్నవాడు వెళ్ళాడు. వాడూ రాలేదు.

ఆ ముసురులోనే రాణి కొంగు నడుముకు బిగించింది.

"కత్తయినా లేకుండా ఎక్కడికమ్మా?" అంది గడప మీది నత్త.

"కత్తులు పట్టుకెళ్ళిన ముగ్గురూ ఏమయ్యారే?"

"అయితే నేనూ వస్తా. నడుస్తాలే."

"నీ నడకతో వెళ్తే నా కొడుకులకు తల నెరుస్తుంది. భుజమెక్కు."

ఏడు బురదసముద్రాలు దాటారు. మాయుడి తోటలో వెయ్యి తెల్లగొడుగులు. అన్నీ ఒక్క పోలికే.

"నీ కొడుకులు ఇందులోనే ఉన్నారు పెద్దమ్మా!" మాయుడు పకపకా నవ్వాడు. "కత్తి దూసి మీదికొచ్చారు, గొడుగులుగా మొలిపించేశాను. మూడుసార్లు చెయ్యి వెయ్యి, ముగ్గురినీ పట్టుకో. ఒక్కటి తప్పినా నువ్వూ మొలుస్తావు."

నత్త చెవిలో గొణిగింది. "వాడి ప్రాణం కూడా ఇక్కడే ఏదో గొడుగులో ఉందట. ఏదో ఎవరికీ తెలీదు."

రాణి మోకాళ్ళ మీద కూర్చుంది. నేల తట్టింది.

"లేస్తారా నాన్నా?"

గొడుగులన్నీ జలదరించాయి. గోడవార ఒక్కటి మాత్రం ఉలకలేదు. అది నేలలో లేదు, రాతిగిన్నెలో ఉంది. దారాలన్నీ కత్తిరించి ఉన్నాయి.

రాణి దాన్ని చేతిలోకి తీసుకుంది.

"అది నీ కొడుకు కాదు! వదిలెయ్!" మాయుడి గొంతు చీరుకుపోయింది.

"నలిపెయ్యమ్మా!" అంది నత్త.

"నలిపితే వీడు పోతాడు. నా పిల్లల్ని ఎవరు లేపుతారు?" రాణి మాయుడి వైపు చూసింది. "దారం పట్టుకొని ఎవరో వస్తారని అన్నీ తెంచుకున్నావా? ఎన్నాళ్ళైందిరా ఇలా?"



ఆమె గొడుగుల మధ్య గుంట తవ్వింది. చేతిలోని తెల్లగొడుగును నాటి, తడిమట్టి ఒత్తింది. తెగిన దారాలు మెల్లగా కదిలాయి. పక్కవాటిని పట్టుకున్నాయి.

మాయుడు గుండె పట్టుకొని కూలబడ్డాడు. వెయ్యి మంది బెంగ ఒక్కసారే వాడిలోకి వచ్చింది.

"ఇంత నొప్పా? అమ్మో, అందరికీ ఇంతేనా?"

"ఇంతేరా."

వాడు ఏడుస్తూనే మంత్రం వెనక్కి చదివాడు. ముగ్గురు కొడుకులూ, మౌక్తికా, మిగతావాళ్ళూ ఒక్కొక్కరే ఒళ్ళు దులుపుకొని లేచారు.

పెద్దవాడికీ మౌక్తికకూ పెళ్ళి కావడం, వాళ్ళు చల్లగా నలభై ఏళ్ళు ఏలడం తర్వాతి సంగతులు. తిరిగొచ్చిన సాయంత్రం మాత్రం రాణి కోటవాకిట్లో నిలబడి లెక్కపెట్టుకుంది. పెద్దవాడు, ఒకరు. నడిమివాడు, ఇద్దరు. చిన్నవాడు, ముగ్గురు. మౌక్తికతో నలుగురు. నత్తతో ఐదుగురు.

వాకిలి బయట వానలో ఎవరో తల వంచుకొని నిలబడ్డారు.

"ఆరుగురు," అంది రాణి. "తడుస్తున్నావు మాయుడా, లోపలికి రా."