కిర్రు చెప్పులకు ఆముదం

అమరగిరి రాజు రంగపతికి ఉన్నట్టుండి తన చెప్పుల మీద కోపం వచ్చింది. అవి కిర్రు చెప్పులు. ఆయన పడకగదిలో కాలు మోపితే సభలో వినిపిస్తుంది. వచ్చేసరికి మంత్రులంతా తాటాకులు పట్టుకుని దీక్షగా చదువుతుంటారు. ఒకాయన తలకిందులుగా.

"ఈ కిర్రు పోవాలి," అన్నాడు రాజు.

ఆస్థాన రసవాది భైరవభట్టు ముందుకొచ్చాడు. అరవై మూలికలు, రెండు లోహాలు కలిపి కాచిన తైలం తన దగ్గరుందన్నాడు. చెంబుడు తైలం చెప్పుల మీద పోశాడు. కిర్రు పోలేదు. ఆ వాసనకు కుక్కలొచ్చాయి. మర్నాడు రాజు వెంట పదకొండు కుక్కలు సభకు హాజరయ్యాయి.

"తైలంలో లోపం లేదు ప్రభూ. తోలే చెడ్డది," అన్నాడు భట్టు.

ఆ చెప్పులు కుట్టింది ఓబులేసు. ముప్పై ఏళ్ళుగా కోటగోడ పక్కనే అతని కొట్టు.

"ఎల్లుండి నా చెప్పులు కిర్రుమంటే ఊరు విడిచి పో," అన్నాడు రాజు అతన్ని పిలిపించి.

ఓబులేసుకు తోలంటే భయం లేదు. ఎండు తోలు నూనె తాగదని అతనికి తెలుసు. అదే తోలుతో కుట్టిన కొత్త జత ఒకటి తీసి తడిపాడు. ఆరుతుండగా గోరువెచ్చని ఆముదం పట్టించాడు. నీరు ఖాళీ చేసిన చోటల్లా నూనె చేరింది. పొరలు మెత్తబడ్డాయి, ఒరుసుకోవడం మానేశాయి.

అతని భయమల్లా సభ గురించే. కిర్రు పోతే మంత్రుల సుఖం పోయినట్టే. వినిపించకపోయినా వినిపించిందనే అంటారు.

రాజు దగ్గరకెళ్ళాడు. "ప్రభూ, తమరు ఈ కొత్త జత తొడుక్కుని వెనక వాకిలిగుండా రండి. పాత జత ఒక్కపూట గొడుగు పట్టే సిద్ధప్పకిప్పించండి."

"నా చెప్పులు వాడెందుకురా?"

"తమరే వేసుకుంటే కుక్కలు కూడా వస్తాయి ప్రభూ."

రాజు వెంటనే ఒప్పుకున్నాడు.

గడువు రోజున రాజు వెనక వాకిలిగుండా వచ్చి సింహాసనం మీద కూర్చుంటే ఒక్కరూ చూడలేదు. సేనాపతి గురక పెడుతున్నాడు. మంత్రులు పాచికలాడుతున్నారు. భట్టు పందెం కాస్తున్నాడు.

ఇంతలో ఎదుటి వాకిట్లో కిర్రు, కిర్రు. పాచికలు తలపాగాల్లోకి వెళ్ళాయి. అందరూ సింహాసనానికి వీపు పెట్టి, కళ్ళు మూసుకుని, నడుం దాకా వంగారు. కిర్రు లోపలికొచ్చింది, వెనకే పదకొండు కుక్కలు.

"విన్నారా ప్రభూ," అన్నాడు భట్టు వంగినవాడు వంగినట్టే. "కిర్రు అలాగే ఉంది. ఆ ఓబులేసును సాగనంపండి. తమ పాదాల మీద ఒట్టు."

ఆ పాదాలు సిద్ధప్పవి. ఏం చెయ్యాలో తోచక వాడు చెయ్యెత్తి దీవించాడు.

"ఎవరి పాదాలు భట్టూ?" అన్న మాట వెనకనుంచి వచ్చింది.

సభ మొత్తం వెనక్కి తిరిగింది.

"తమరు... ఎప్పుడొచ్చారు ప్రభూ?"

"నీ మూడో పందెమప్పుడు."

"కిర్రు వినపడందే మాకెలా తెలుస్తుంది ప్రభూ," అని గొణిగాడు భట్టు.

స్తంభం పక్కనున్న ఓబులేసు చేతులు జోడించాడు.

"వినపడలేదని భట్టుగారే ఒప్పుకున్నారు ప్రభూ. నేనిక ఊళ్ళోనే ఉంటాను."

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. భట్టు తప్ప సభంతా నవ్వింది. కుక్కలు మొరిగాయి. రాజు తన బంగారు కడియం తీసి ఓబులేసు చేతికి తానే తొడిగాడు. ఆ చేతికి ఇంకా ఆముదం ఉంది, కడియం సులువుగా ఎక్కింది.