చివరి మంచి అంకె

భీమవరంలో చెరువుల ఏరేటర్లకు విడిభాగాలు అమ్మే దుకాణం పైగదిలో గుడిమెట్ల అనంతం మాస్టారు మైక్రోకంట్రోలర్ పాఠాలు చెప్పేవారు. మైక్రోకంట్రోలర్ అంటే వేలిగోరంత చిప్పు. మోటారు ఎప్పుడు తిరగాలో, ఎప్పుడు ఆగాలో దానికి సొంతంగా తెలియదు. మనిషి రాసిపెట్టిన ప్రోగ్రాము ఏం చెబితే అదే చేస్తుంది. మాస్టారు హైదరాబాదులో కొలత పరికరాల కంపెనీలో ఇరవై రెండేళ్ళు ఆ రాతపనే చేసి వచ్చినవారు. "బాగుంది" అన్న మాట ఆయన నోట రావడం కష్టం. ప్రోగ్రామును కాగితం మీద అచ్చు తీయించి, వరుసవరుసా చదివి, చిప్పు ఉన్న బోర్డుకు మీటరు తగిలించి, తన కళ్ళతో చూసుకుంటే తప్ప ఆ మాట అనేవారు కాదు. ఏడాది పాటు చదువుకుని, ఒక్కసారి కూడా ఆ మాట వినకుండా వెళ్ళిపోయినవాళ్ళు ఉన్నారు.

కొప్పిశెట్టి చక్రధర్ పగలు ఒక చిన్న కంపెనీలో పనిచేస్తూ, సాయంత్రాలు ఆయన దగ్గర చదువుకునేవాడు. ఆ కంపెనీ రొయ్యల చెరువులకు ఒక పరికరం తయారుచేస్తుంది. నీళ్ళలో వేలాడే సెన్సరు ఆక్సిజన్ ఎంతుందో కొలుస్తుంది. గట్టు మీది పెట్టెలో ఆ అంకె కనిపిస్తుంది. నాలుగు కంటే తగ్గితే ఏరేటర్లు వాటంతటవే తిరిగి నీళ్ళలోకి గాలి కొడతాయి. సెన్సరుకు నాచు పట్టినా, తీగ ఊడినా పెట్టె మీద "ఎర్రర్" అని వచ్చేది. రైతులు రోజూ ఫోన్లు చేసి విసిగించారు. యజమాని చక్రధర్‌ను పిలిచాడు.

"ఏమయ్యా, రైతుకు అంకె కావాలి గానీ ఈ ఎర్రర్ గోల ఎందుకు? కొత్త రీడింగు రాకపోతే అంతకుముందు వచ్చిందే చూపించెయ్."

చక్రధర్ నాలుగు లైన్లలో ఆ పని పూర్తిచేశాడు. వారంలో ఫోన్లు ఆగిపోయాయి. యజమాని అందరి ముందూ భుజం తట్టాడు. అయినా మనసులో ఎక్కడో ముల్లు గుచ్చుకుంటూ ఉండబట్టి, ఒక సాయంత్రం పాఠం మధ్యలో మాస్టారిని అడిగేశాడు.

"ఇందులో తప్పేముందండీ? మనం కల్పించిన అంకె కాదు కదా. ఒకప్పుడు నిజంగా వచ్చిందే."

"అది పాత అంకె అని పెట్టె మీద ఎక్కడైనా కనపడుతుందా?" అన్నారు మాస్టారు.

"లేదండి. కనపడితే మళ్ళీ ఫోన్లే కదండీ."

మాస్టారు నల్లబోర్డు మీద ఆపిన లెక్క మళ్ళీ మొదలుపెట్టారు. ఆయనకు జవాబు దొరకలేదు కాబోలు అనుకున్నాడు చక్రధర్. కొంచెం గర్వం కూడా కలిగింది.

ఆ రోజుల్లోనే విశాఖపట్నంలో ఆసుపత్రి పరికరాలు చేసే పెద్ద కంపెనీ నుంచి అతనికి ఉద్యోగ పరీక్షకు పిలుపు వచ్చింది. సొంతంగా తయారుచేసిన బోర్డు, ప్రోగ్రాము పట్టుకుని శనివారం రమ్మన్నారు. మోటారును తొంభై సెకన్లు తిప్పి ఆపాలి, మధ్యలో వేగం మార్చాలి. ఆ ఉద్యోగం దక్కితే అతని బతుకే మారిపోతుంది. రెండేళ్ళుగా అతను ఎదురుచూస్తున్నది అలాంటి పిలుపు కోసమే. ఆ సంగతి మాస్టారికి బాగా తెలుసు.

సోమవారం చక్రధర్ ప్రోగ్రాము చూపించాడు. మాస్టారు కళ్ళజోడు పెట్టుకుని గంటసేపు చదివారు, మీటరు తగిలించారు, మోటారును అయిదుసార్లు తిప్పించారు. "బాగుంది" అన్నారు. గదిలో అందరూ తలలెత్తి చూశారు. చక్రధర్‌కు కాళ్ళు నేల మీద ఆనలేదు.

మంగళవారం కొంత కొత్తగా చేర్చి మళ్ళీ చూపించాడు. "బాగుంది." బుధవారం వేగం మార్చే భాగం తిరగరాశాడు. "బాగుంది." గురువారమూ అదే మాట.

పక్క బల్ల మీద కూర్చునే హైమ అతని చెవిలో అంది. "చక్రీ, మాస్టారు కళ్ళజోడు కూడా పెట్టుకోలేదు. కాగితం చూడనే లేదు. నువ్వు గమనించావా?"

"నీకు ఇప్పటిదాకా ఒక్క బాగుంది కూడా పడలేదని ఏడుపా?" అన్నాడు చక్రధర్.

"నా ఏడుపు సంగతి తర్వాత. ముందు నీ ప్రోగ్రాము చూసుకో," అని హైమ మొహం తిప్పుకుంది. అతను చూసుకోలేదు. మాస్టారు బాగుందన్న తర్వాత తను చూసుకునేదేమిటి?

శనివారం విశాఖపట్నంలో ముగ్గురు అధికారుల ఎదుట మోటారు తిరిగింది. తొంభై సెకన్లు అయ్యాయి, ఆగలేదు. రెండు నిమిషాలు అయ్యాయి, ఆగలేదు. చివరకు ఒకాయన లేచి స్విచ్చి కట్టేశాడు. బుధవారం తిరగరాసేటప్పుడు చక్రధర్ మిల్లీసెకన్ల లెక్కను, అరవై అయిదు వేల చిల్లర దాకా మాత్రమే పట్టే చోట పెట్టాడు. అంటే నిమిషం మీద అయిదు సెకన్లు దాటగానే లెక్క మళ్ళీ సున్నాకు వెళ్ళిపోతుంది. తొంభై ఎన్నటికీ రాదు.

"ఇది మొదటి నెలలో పిల్లలు చేసే తప్పు," అంది ఆ ముగ్గురిలో పెద్దావిడ. "ఇక్కడికి తెచ్చేముందు ఎవరికీ చూపించలేదా మీరు?"

"మా మాస్టారు చూశారండి."

"అయితే మాస్టారిని మార్చుకోండి," అని ఆవిడ ఫైలు మూసేసింది.

సోమవారం సాయంత్రం చక్రధర్ మెట్లెక్కి వస్తూనే సంచీ బల్ల మీద విసిరికొట్టాడు. ఆ గదిలో అంతవరకు ఎవరూ గొంతు పెంచి ఎరుగరు.

"నాలుగు రోజులు వరసపెట్టి బాగుందన్నారు! ఏం చూసి అన్నారండీ?"

"సోమవారం చూశాను. సోమవారం బాగుంది," అన్నారు మాస్టారు.

"మరి మంగళవారం? బుధవారం?"

"చూడలేదు."

"చూడకుండా బాగుందని ఎలా అన్నారు?"

"కొత్తగా నేనేం కల్పించలేదే. ఒకప్పుడు నిజంగా అన్న మాటే కదా."

చక్రధర్ మొహం ఎర్రబడింది. కోపంలో అతనికి ఆ మాట ఎక్కడిదో తట్టలేదు. "నా ఉద్యోగం పోయిందండీ! చూడలేదని ఒక్క ముక్క చెబితే ఏం పోయేది? నేనే చూసుకునేవాణ్ణి! ఇంకొకళ్ళకు చూపించుకునేవాణ్ణి! మీరు నోరు మూసుకుని ఊరుకున్నా నాకు అనుమానం వచ్చేది. బాగుంది, బాగుంది అని నన్ను నిశ్చింతగా నిద్రపుచ్చి..."

అక్కడికి వచ్చేసరికి, పెట్టె గురించి తను అన్న మాటే మాస్టారు తనకు తిప్పిచెప్పారని అతనికి తట్టింది. హైమ తల దించుకుంది. కింద దుకాణంలో ఎవరో ఏరేటరు రెక్కలు బేరమాడుతున్న మాటలు పైకి స్పష్టంగా వినిపించాయి.

శిష్యుడి బతుకుతో ఆడుకోవడం గురువుకు తగునా అని అడిగేవాళ్ళు ఉంటారు. అడగనివ్వండి. ఆ నాలుగు లైన్లు రాసినరోజు చక్రధర్‌ను అలా అడిగినవాడు ఒక్కడు లేడు. పైగా భుజం తట్టారు. పాఠం తనదాకా వస్తే క్రూరం, పరాయివాడి చెరువులో జరిగితే ఉద్యోగధర్మం అనుకునేవాళ్ళతోనే ఈ లోకం ఇలా తగలడింది.

మాస్టారు కుర్చీలోంచి లేచారు.

"ఎన్ని పెట్టెల్లో ఎక్కించావు దాన్ని?"

"రెండు వందల పది," అన్నాడు చక్రధర్.

"నేను చేసిన పని నీకు తెలిసింది. నా మీదికి వచ్చి అరిచావు," అన్నారు మాస్టారు. "పాత అంకె చూసి ఏరేటర్లు తిరగక రొయ్యలు చస్తే, గట్టు మీదవాడికి నీ సంగతి తెలియదు. మబ్బు పట్టి ఆక్సిజన్ తగ్గిందనుకుని మబ్బును తిట్టుకుంటాడు."