మస్తాన్ తవ్విన మట్టి

పెన్నకు ఆవల చిన్న ఆశ్రమం నడిపే పరాంకుశ స్వామిని శిష్యుడు చెంచురామయ్య ఒకనాడు ఇలా అడిగాడు: “స్వామీ, తెలియక చేసిన తప్పుకు ప్రాయశ్చిత్తం ఏమిటి? ఎన్నో క్షేత్రాలు తిరిగాను, ఎన్నో నదుల్లో మునిగాను. మనసు కుదుటపడలేదు.”

ఆ తప్పేమిటని స్వామి అడగలేదు. తనకు తెలిసిన ఒక మనిషి సంగతి చెప్పారు.

హైవే పక్కన మస్తాన్‌వలికి బ్యాటరీల షాపు ఉండేది. లారీల పాత బ్యాటరీలు పగలగొట్టి, అందులోని సీసం పలకలు తీసి అమ్మేవాడు. మిగిలిన యాసిడ్ నీళ్లు, బూడిదలాంటి మడ్డి షాపు వెనకాల పారబోసేవాడు. ఇరవై రెండేళ్లు అదే పని. ఆ వెనకాల ఉన్న అరెకరంలో రవణమ్మ అనే ఆమె ఆకుకూరలు పండించేది. మస్తాన్ ఆమెను అక్కా అని పిలిచేవాడు. ఆమె తోటకూర మస్తాన్ ఇంట్లోనూ వండుకునేవారు.

రవణమ్మ మనవరాలికి నాలుగేళ్లు. ఆ పిల్లకు ఊరికే కడుపునొప్పి, తిండి సయించదు, నేర్చుకున్న మాటలు కూడా మరిచిపోతోంది. పెద్దాసుపత్రిలో రక్తం పరీక్ష చేసి, ఒంట్లో సీసం చేరిందన్నారు. ఇంటి దగ్గర ఎవరైనా బ్యాటరీలు పగలగొడతారా అని డాక్టరు అడిగాడు.

రవణమ్మ షాపుకొచ్చింది. తిట్టలేదు. “నువ్వు పారబోసే నీళ్లు ఎటు పోతాయి మస్తానూ?” అని మాత్రం అడిగింది.

మస్తాన్ లేచి వెనక్కి వెళ్లి చూశాడు. వాలు ఆమె మడివైపే ఉంది. ఆ పూటే షాపు మూసేశాడు.

మట్టి పరీక్షకు పంపిస్తే, షాపు వెనక మోకాటిలోతు వరకూ, మడిలో ఒక మూల జానెడు లోతున సీసం ఉందని తేలింది. ఊరి సెంటర్లో కూర్చునేవాళ్లు సలహా చెప్పారు. “రెండు ట్రిప్పులు గ్రావెల్ తోలించి మూసెయ్. ఎవురికి కనబడుద్ది?”

“కనబడకుంటే పోయినట్టా?” అన్నాడు మస్తాన్. మట్టి తవ్వడం మొదలుపెట్టాడు. దుమ్ము లేవకుండా నీళ్లు చల్లి, ముక్కుకు మాస్కు కట్టుకుని, చేతులకు తొడుగులు వేసుకుని తవ్వేవాడు. అక్కడే స్నానం చేసి, బట్టలు మార్చుకుని గాని ఇంటికి వెళ్లేవాడు కాదు.

ఆ మట్టి తీసుకెళ్లడానికి పెంచలయ్య ట్రాక్టరు తెచ్చాడు. “ఏట్లో పోసొస్తాలే భాయ్.”

“ఆ ఏటి నీళ్లు ఎవురు తాగేది పెంచలయ్యా?”

పెంచలయ్య ఇంజను ఆపేశాడు. “మా ఊరోళ్లే,” అన్నాడు.

ఇక ఆ మట్టిని ఎక్కడ పెట్టాలి? ఎవరి నేల మీద పోసినా అది మరొకరి మనవరాలి దాకా పోతుంది. మస్తాన్ కొత్తిల్లు కట్టుకోవాలని షాపు పక్కన పునాది తీసి ఉంచాడు. ఆ గుంతకు అడుగునా పక్కలా సిమెంటు చేయించి, మందపాటి ప్లాస్టిక్ పట్టా పరిచి, మట్టిని బస్తాల్లో కుట్టి అందులో పేర్చాడు. వాన పడకుండా పైన రేకులు వేసి, చుట్టూ కంచె కట్టి తాళం పెట్టాడు. దాన్ని పద్ధతి ప్రకారం పూడ్చే చోటికి తరలించమని జిల్లా ఆఫీసులో అర్జీ ఇచ్చాడు. ఇల్లు ఆగిపోయింది. భార్య నాలుగు రోజులు మాట్లాడలేదు. అయిదో రోజు బస్తాలు కుట్టడానికి దబ్బనం తీసుకుని వచ్చింది.

తర్వాత షాపు తెరిచాడు గాని, బ్యాటరీ పగలగొట్టడం మానేశాడు. పాతవాటిని ఉన్నవి ఉన్నట్టే కంపెనీ డిపోకు పంపేవాడు. కారిన యాసిడ్ మూతున్న డ్రమ్ములో పట్టి అక్కడికే చేర్చేవాడు. ఆ దారిలో ఇంకా మూడు షాపులున్నాయి. ఇద్దరు అతని మాట విన్నారు. మూడోవాడు వినలేదు. మస్తాన్ ప్రతి శుక్రవారం నమాజు అయ్యాక వెళ్లి, వాడి షాపు ముందు బల్ల మీద కూర్చునేవాడు. పోట్లాడేవాడు కాదు. ఏడు వారాలు అట్లా కూర్చున్నాడు. ఎనిమిదో వారం వాడే విసుక్కుంటూ, “ఆ డ్రమ్మేదో ఇటు పడెయ్ భాయ్, నీతో వేగలేను,” అన్నాడు.

పద్నాలుగు నెలలకు లారీ వచ్చి సగం బస్తాలు తీసుకెళ్లింది. మందులు పడ్డాక పిల్ల కొంచెం తేరుకుంది. మాటలు మాత్రం ఇంకా తడుముకుంటుంది. రవణమ్మ మడిలో ఆ మూల ఇప్పటికీ తినేది ఏదీ వేయదు, బంతిపూలు వేస్తుంది.

“నేను చూడ్డానికి వెళ్లినప్పుడు,” అన్నారు స్వామి, “తెలియక జరిగిందిలే అని ఓదార్చబోయాను. అతను ఒప్పుకోలేదు. ‘తెలియకని ఎట్టా చెప్పేది సామీ? ఆ నీళ్లు పడ్డకాడ గడ్డి చచ్చేది చూస్తానే ఉండా’ అన్నాడు.”

చెంచురామయ్య తల వంచుకున్నాడు. తలెత్తకుండానే అడిగాడు. “అంత చేశాక అతని పాపం పోయినట్టేనా స్వామీ?”

“అది అతను నన్ను అడగలేదు,” అన్నారు స్వామి. “మిగిలిన బస్తాలకు లారీ ఎప్పుడొస్తుందో కనుక్కోమన్నాడు.”